దీపం కొండెక్కిందన్న సాయంత్రం

మా అత్తగారు దీపం ఆరిపోయిందని ఎప్పుడూ అనరు. కొండెక్కింది అంటారు. ఎవరైనా నోరుజారి ఆరిపోయింది అంటే లెంపలేయించేదాకా ఊరుకోరు. ధవళేశ్వరం కాపురానికొచ్చిన కొత్తలో ఈ విషయంలో నాకు బాగానే చివాట్లు పడ్డాయి.

ఆ వేసవిలో ఆవిడకి కుడి కణత దగ్గర నొప్పి మొదలైంది. పార్శ్వపు నొప్పనుకుని శొంఠి అరగదీసి పట్టు వేసుకునేవారు. నేను తల దువ్వుతుంటే "మెల్లిగా అమ్మాయ్, దువ్వెన తగిలితే ప్రాణం పోతోంది" అనేవారు. ఓ మధ్యాహ్నం భోజనం సగంలో ఆపేసి, "నమిలేకొద్దీ దవడ లాగేస్తోంది" అన్నారు. ఆ పూట నేను వండింది గోరుచిక్కుడుకాయ. కూర ఉడకలేదని వంక పెడుతున్నారనుకున్నాను. "రేపట్నుంచి పప్పు మెత్తగా మెదిపి పెడతాలెండి" అని గిన్నె ఠక్కున కిందపెట్టాను. నా కోపం ముక్కు మీదే ఉంటుంది మరి.

ఆవిడ ఎడమ కంట్లో ఎప్పట్నుంచో ముదిరిన శుక్లం. చూపంతా కుడికంటితోనే. ఒక సాయంత్రం దేవుడి ముందు కూర్చుని పిలిచారు.

"అమ్మాయ్, దీపం కొండెక్కింది. అగ్గిపెట్టె పట్రా."

వెళ్ళి చూస్తే దీపం నిక్షేపంలా వెలుగుతోంది. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. "వెలుగుతూనే ఉంది కదండీ, అద్దాలు తుడుచుకోండి" అని విసుక్కున్నాను. ఆవిడ కాసేపు కళ్ళు నులుముకుని, "అవునమ్మా, ఉంది" అన్నారు.

నాలుగో రోజు పొద్దున్న లేచేసరికి ఆ కుడికంటి చూపు పూర్తిగా పోయింది.

రాజమండ్రిలో కంటి డాక్టరుగారు ఆవిడ కణత తడిమి చూశారు. అక్కడ రక్తనాళం తాడులా గట్టిపడి ఉంది. రక్తపరీక్షకి రాసి, రిపోర్టు రాకముందే స్టెరాయిడ్ మొదలుపెట్టారు. "తలలో రక్తనాళాలు వాచి కంటికి రక్తం అందలేదండి. ఈ చూపు ఇక రాదు, రెండోదైనా కాపాడుకోవాలి. దవడ నొప్పిగానీ, ఉన్నట్టుండి చీకటి కమ్మడంగానీ ముందేమైనా జరిగిందా?" అనడిగారు.

అత్తగారు తలొంచుకున్నారు. ఆవిడ చెప్పరని నాకు తెలుసు. నేనే చెప్పాను. గోరుచిక్కుడు, దీపం, అద్దాలు తుడుచుకోమన్న మాట, అన్నీ. "ఆ రోజే తీసుకొచ్చి ఉంటే బాగుండేదమ్మా" అన్నారాయన. అక్కడే కూలబడి ఏడ్చాను.

ఎడమ కన్ను దక్కింది. తర్వాత శుక్లం కూడా తీయించాం. మాత్రలు మాత్రం మా అంతట మేం మానకూడదు, డాక్టరుగారే మెల్లగా తగ్గించాలి. వాటితో ఆవిడ మొహం ఉబ్బింది, షుగరొచ్చింది. "నీ మెదిపిన పప్పు తిని ఒళ్ళు చేశానే" అని ఆటపట్టిస్తారు. నాకు నవ్వు రాదు.

మొన్న సాయంత్రం మళ్ళీ పిలిచారు. "అమ్మాయ్, దీపం కొండెక్కింది."

పాలు పొయ్యి మీదే వదిలేసి పరిగెత్తాను. దీపం వైపు చూడనేలేదు. ఆవిడ గడ్డం పట్టుకుని, కంటి ముందు వేళ్ళు పెట్టి, "ఎన్నండీ? ఎన్ని వేళ్ళో చెప్పండి!" అని అరిచాను.

"మూడు" అన్నారావిడ, నా చెయ్యి పట్టుకుని. "ఈసారి నిజంగా దీపమేనే. నూనె నిండుకుంది."