మామకు చెప్పిన లాగిన్

రాష్ట్రం వచ్చిన కొత్తలో, నల్లగొండ నుంచి మోత్కూర్ వెళ్ళే దారిలో ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో నేను సర్వర్లు చూసుకునేవాణ్ణి. ఆ కాలేజీ పేరు వింటే ఇప్పటికీ నాకు ఉమ్మేయాలనిపిస్తుంది. పని మీద కోపం కాదు. పని బంగారం లాంటిది, మనుషులే తుప్పు.

బ్లాకుకొకటి చొప్పున మూడు యూనిక్స్ సర్వర్లుండేవి. ఏ విద్యార్థి లాగిన్ పేరేమిటి, పాస్‌వర్డ్ ఏమిటి, ఫైళ్ళు ఎక్కడున్నాయి అనే పట్టిక అసలు ప్రతి నా గదిలోని పెద్ద సర్వర్లో ఉండేది. మిగతా రెండూ రోజూ రాత్రి దాని నకళ్ళు తెచ్చుకుని పెట్టుకునేవి. పిల్లలు ఏ బ్లాకులో కూర్చుంటే ఆ బ్లాకు సర్వర్ తన నకలు చూసి లోపలికి రానిస్తుంది. కాబట్టి మార్పు ఏదైనా అసలులోనే చేయాలి, నకలు మీద ఎవరూ చెయ్యి వేయకూడదు. బడికి పోయే పిల్లలకు చెప్పినా అర్థమయ్యే సంగతి ఇది. మా హెచ్‌ఓడీకి మాత్రం ఎక్కలేదు.

రెండో బ్లాకు సర్వర్ పాస్‌వర్డ్ ఆయన పట్టుబట్టి తీసుకున్నాడు. "నా బ్లాకుల నాకే అధికారం లేకుంటె గీ కుర్చీ ఎందుకయ్యా?" అన్నాడు. ఆ గదిలో ఆయనకు కావలసింది ఏసీ. మధ్యాహ్నం అన్నం తిని, టిఫిన్ డబ్బా సర్వర్ నెత్తిన పెట్టి కునుకు తీసేవాడు. నేను ఆ గదిలోకి వెళితే పాచి కూర వాసన కొట్టేది.

మూడో సంవత్సరం చదివే ఒకమ్మాయికి పెళ్ళయింది. గొర్లు మేపుకునే ఇంటి పిల్ల, ప్రోగ్రాములు శ్రద్ధగా రాసేది. ఆ క్లాసులో అదే పేరున్న అమ్మాయి ఇంకొకతె ఉండటంతో ఇద్దరి లాగిన్లలోనూ ఇంటిపేరు మొత్తం పెట్టాను. పెళ్ళయినాక ఒకసారి నా గదికొచ్చి ప్రింటు తీసుకుంటూ చెప్పింది. "అన్నీ పాసైతెనే ఆఖరు సంవత్సరం పంపుతరట సార్. ఒక్కటి పోయినా ఇంట్ల కూసుండాలెనట." నేను నవ్వి, "నీకెందుకు పోతాయమ్మా?" అన్నాను.

ప్రాక్టికల్ పరీక్ష రెండో బ్లాకులో పెట్టారు. మొదలైన కాసేపటికే ఆ పిల్ల పరుగెత్తుకుంటూ నా గదికొచ్చింది. రొప్పుతోంది. "సార్, నేను లేనంటాంది! ఎన్నిసార్లు కొట్టినా గా పేరుతోని ఎవ్వరు లేరంటాంది!"

నా సర్వర్లో చూశాను. పేరు శుభ్రంగా ఉంది. ఆమెను ల్యాబ్‌కు పంపి, నేను రెండో బ్లాకు సర్వర్ గదిలోకి దూరాను. అక్కడి నకల్లో ఆమె పుట్టింటి పేరు లేదు. అదే వరుసలో అత్తింటి పేరు కూర్చుని ఉంది. కొత్త నకలు తెచ్చుకునే ఏర్పాటును కూడా ఎవరో కావాలనే ఆపేశారు. ఎవరో ఏమిటి నా బొంద, తాళం చెవి ఒకడి దగ్గరే ఉంది.

హెచ్‌ఓడీని వరండాలోకి పిలిచి అడిగాను. మొహంలో సిగ్గనేదే లేదు. "వాళ్ళ మామ వచ్చిండయ్యా. కోడలి పేరు మా ఇంటిపేరు మీదనే ఉండాలె అన్నడు. పెద్దమనిషి, కాదంటె బాగుంటదా? మార్చిన. నువ్వేందో పంపుడు, తెల్లారెవరకు మల్ల పాతదే వచ్చుడు. అందుకే నీ దిక్కుకెల్లి వచ్చుడు బంద్ పెట్టిన."

"మరి కొత్త లాగిన్ ఆ పిల్లకు చెప్పాలి కదా సార్?"

"వాళ్ళ మామకు చెప్పిన గద!"

ఛీ. ఆ పెద్దమనిషి ఒక పొట్టేలు తొడ తెచ్చిచ్చిపోయాడని అటెండర్ తర్వాత చెప్పాడు. మాంసమంటే నాకూ ప్రాణమే. కానీ ఒక తొడకు ఒక పిల్ల పేరు అమ్మేసినవాణ్ణి నేను ఇంకెక్కడా చూడలేదు.

మళ్ళీ సర్వర్ ముందు కూర్చుని అసలు పట్టికను లాగాను. నిమిషాల పని. ల్యాబ్‌లోకి అడుగు పెట్టేసరికి హెచ్‌ఓడీ నాకంటే ముందే అక్కడికి చేరి, బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ చెవిలో నవ్వుతూ చెబుతున్నాడు. "ఏం జెప్పాలె సార్, గా పిల్లకు తన పేరే సక్కగ తెల్వది."

ఆ పిల్ల విన్నది. "నా పేరు నాకు తెల్వదా సార్? ఇరవై ఏండ్లసంది గదే పేరు. మార్చుమని మీకెవలు చెప్పిన్రు?" అని గట్టిగా అడిగింది. ల్యాబ్ అంతా తలలెత్తి చూసింది. హెచ్‌ఓడీ కిటికీ వైపు తిరిగి దగ్గాడు.

నేను ఎగ్జామినర్‌కు తప్పు మాదేనని విడమరచి చెప్పాను. ఆయన విన్నాడు, తల కూడా ఊపాడు. "కానీ ఆబ్సెంట్ వేసేశాను. షీట్ సీల్ చేశాం, మీ హెచ్‌ఓడీ గారే సంతకం పెట్టారు," అన్నాడు. అంటే మేమిద్దరం వరండాలో మాట్లాడుకున్నాక, నేను సర్వర్ ముందు ఉన్నప్పుడు, తన వెధవ పని బయటపడకూడదని ఈ మనిషి వచ్చి సంతకం గీకేశాడు. నా నోటికి వచ్చిన తిట్లు ఇక్కడ రాస్తే ఎవరూ అచ్చు వేయరు.

ఆ పిల్ల వెళ్ళి తన కంప్యూటర్ ముందు కూర్చుని పాత పేరే కొట్టింది. లోపలికి రానిచ్చింది. ప్రశ్న కాగితం పక్కన పెట్టుకుని ప్రోగ్రాం రాయడం మొదలుపెట్టింది. "ఎందుకమ్మా, మార్కులు రావు," అన్నాడు ఎగ్జామినర్. ఆమె టైపు చేస్తూనే ఉంది.

మిగతా పిల్లలంతా వెళ్ళిపోయారు. బండి తాళం తిప్పుకుంటూ మామ గుమ్మంలోకి వచ్చాడు. "అయిపాయెనా? పోదాం పా."

"జర ఆగుండ్రి మామా. అవుట్‌పుట్ వస్తాంది."

వచ్చింది. తప్పు లేకుండా వచ్చింది. ఆమె నా వైపు తిరిగి, "మంచిగనే వచ్చింది గద సార్?" అని అడిగింది.

"మంచిగ వచ్చింది బిడ్డా," అన్నాను.

లాగౌట్ చేసి, చున్నీ సర్దుకుని మామ వెనకాలే వెళ్ళింది. ఆ తర్వాత ఆమెను కాలేజీకి పంపలేదు.