జంట నగరాల్లో గడియ పడే తలుపు

నాచారంలో పదేళ్ళకు పైగా కాపురం ఉన్నా, మా ఇంటి ఆడవాళ్ళు హైదరాబాదును గానీ సికింద్రాబాదును గానీ తీరుబాటుగా చూసి ఎరుగరు. నాన్న, ఆయన తరువాత అన్న, పారిశ్రామికవాడలోని ఒకే ఫ్యాక్టరీలో పనిచేసేవారు. అమ్మకు తెలిసిన పట్నం రేషన్ దుకాణంతో మొదలై ఉప్పల్ కూరగాయల బజారుతో ముగిసేది. డిగ్రీ చదువు కోసం నేనొక్కదాన్నే రోజూ బస్సెక్కేదాన్ని. అందువల్ల, ఐదో నెల గర్భంతో ఉన్న మా వదిన, పురిటికి పుట్టింటికి పోయేలోగా రెండు పట్నాలూ ఒక్కసారి చూపించమని అడిగినప్పుడు, ఆ బాధ్యత సహజంగానే నా మీద పడింది. కడుపుతో ఉన్న మనిషి కోరితే కాదనకూడదని అమ్మ కూడా మాతో బయలుదేరింది.

అంతకు కొద్ది రోజుల ముందే దవాఖానాలో డాక్టరమ్మ వదినకు మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉందని చెప్పింది. మందులు రాసిచ్చి, నీళ్ళు బాగా తాగాలనీ, ఎట్టి పరిస్థితిలోనూ ఆపుకోకూడదనీ, అశ్రద్ధ చేస్తే లోపలి బిడ్డకు కూడా ప్రమాదమనీ గట్టిగా హెచ్చరించింది. మా ఇంటి పద్ధతి ఇందుకు పూర్తిగా విరుద్ధం. ప్రయాణమున్న రోజున మా ఆడవాళ్ళు నీళ్ళు ముట్టరు. ముందు రాత్రి భోజనం దగ్గరే ఆపేస్తారు. పొద్దున చాయ్ కూడా రెండు గుటకలకు మించదు. అమ్మమ్మ అట్లాగే చేసేది, అమ్మ అట్లాగే చేసేది. కాలేజీకి పోయిన మూడేళ్ళూ నేనూ అట్లాగే చేశాను. సాయంత్రం తలనొప్పితో ఇల్లు చేరడం ఆడపిల్ల చదువులో ఒక భాగమనుకునేదాన్ని.

ఆ ఉదయం నేను వదిన కోసం సీసాలో నీళ్ళు నింపుతుంటే అమ్మ అడ్డం వచ్చింది.

“గవి తాపిచ్చినంక నడి బజార్ల ఏడ కూసోవెడ్తవే దాన్ని?”

“డాక్టరమ్మ జెప్పింది నువ్వు ఇనలేదా అమ్మా?”

“డాక్టరమ్మకేంది బిడ్డా. ఆమె కుర్సీ పక్కపొంటే రూముంటది.”

వదిన మా ఇద్దరి ముఖాలూ చూసి, సీసా అందుకుని సగం తాగేసింది.

ఉప్పల్‌లో బస్సెక్కి చార్మినార్ చేరేసరికి ఎండ ముదిరింది. ఆ నాలుగు మినార్లను తలెత్తి చూస్తూ వదిన కాసేపు మైమరచిపోయింది. నేను చదివి సిద్ధం చేసుకున్న చరిత్ర చెప్పడం మొదలుపెట్టాను. రెండు మాటలైనా పూర్తి కాకముందే ఆమె నా చెయ్యి పట్టుకుని చెవిలో అవసరం చెప్పింది.

అడగగా అడగగా ఒక సందు చివర స్త్రీల మరుగుదొడ్డి దొరికింది. దాని తలుపు కింది భాగం నాని, పుచ్చి, ఊడిపోయింది. గడియ ఉండవలసిన చోట రెండు బెజ్జాలు మాత్రమే ఉన్నాయి. నేల మీద నల్లని నీరు చీలమండ లోతున నిలిచి ఉంది. కాలు పెట్టడానికి ఎవరో వేసిన ఇటుకలు ఆ నీటిలో వదులుగా ఊగుతున్నాయి. గోడల మీద చేతులు తుడిచిన మరకలు. నేను బయటి నుంచి తలుపు లాగి పట్టుకున్నాను. వదిన లోపలికి వెళ్ళిన క్షణంలోనే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని బయటికి వచ్చి, పొద్దున తిన్న ఇడ్లీ అంతా కక్కేసింది. వచ్చిన పని మాత్రం కాలేదు.

ఆ సందు గోడకు వరుసగా దేవుళ్ళ బొమ్మల పలకలు అతికించి ఉన్నాయి. గోడ మీద ఎవరూ మూత్రం పోయకూడదని ఇంటివాళ్ళు అన్ని మతాల దేవుళ్ళనూ కాపలా పెట్టుకున్నారు. మేము చూస్తుండగానే ఒక పెద్దమనిషి వచ్చి, ఆ బొమ్మలకు భక్తిగా దండం పెట్టుకుని, పలకలు అయిపోయిన చోటికి నాలుగడుగులు జరిగి, అక్కడ పని కానిచ్చుకుని, రుమాలుతో ముఖం తుడుచుకుంటూ పోయాడు. నాకు అసహ్యంతో పాటు అసూయ కూడా కలిగింది. ఆ అసూయ మీద మళ్ళీ అసహ్యం వేసింది.

తరువాత ఒక పార్కుకు పోయాము. అక్కడి మరుగుదొడ్డికి తాళం వేసి ఉంది. తాళంచెవి ఉన్నాయన భోజనానికి పోయాడట. కిటికీలోంచి చూస్తే లోపల చీపుర్లు, సున్నం డబ్బాలు పేర్చి ఉన్నాయి.

ట్యాంక్‌బండ్ చేరేటప్పటికి వదిన నడక మారిపోయింది. నీటి మధ్యలో బుద్ధుడు ప్రశాంతంగా నిలబడి ఉన్నాడు. చెరువు మీది గాలి కుళ్ళిన గుడ్ల వాసనతో గొంతులోకి దిగుతోంది. ఆ వాసనలోనే జనం మక్క కంకులు తింటూ ఫోటోలు దిగుతున్నారు. వదిన బుద్ధుణ్ణి చూడలేదు. బల్ల మీద ముడుచుకుని కూర్చుని, పొత్తికడుపులో పొడిచినట్టు ఉందని మెల్లగా చెప్పింది. నీళ్ళు తాగమంటే తల అడ్డంగా ఊపింది. అమ్మ నీళ్ళ సీసాను నా చేతిలోంచి తీసుకుని తన సంచిలో పెట్టుకుంది. నాకు భయం ఎక్కువైంది.

ఇంటికి పోదామంటే గంటకు పైగా ప్రయాణం. ముందుగా వచ్చిన సికింద్రాబాద్ బస్సు ఎక్కేశాము. దిగిన చోట వరుసగా బట్టల దుకాణాలు. అమ్మ ఒక మూడంతస్తుల అద్దాల దుకాణం ముందు ఆగింది.

“గిండ్ల పనిజేసే ఆడివిల్లలు పొద్దుందాక ఉంటరు గద. వాళ్ళకోసమన్న ఒక రూం కట్టిచ్చి ఉంటడు,” అంది.

అటువంటి దుకాణంలో ఆమె ఎన్నడూ అడుగు పెట్టలేదు. కొంగు సవరించుకుని, చెప్పులు గుమ్మం పక్కన విడిచి, పెళ్ళి పట్టుచీరలు కావాలని అడిగింది. తెల్లని పరుపు మీద కూర్చోబెట్టిన సేల్స్‌మన్ పెళ్ళికూతురెవరని అడిగాడు. అమ్మ నన్ను చూపించింది. అతను నాలుగు చీరలు విప్పిన తరువాత, అమ్మ ఏదో గుర్తొచ్చినట్టుగా అంది:

“కొడుకా, మా కోడలుకు జర బాత్రూం జూపియ్యి. కడుపుతోని ఉన్నది.”

ఒక అమ్మాయి వదినను పైకి తీసుకుపోయింది. అమ్మ ఒక చీర అంచు వెడల్పయిందనీ, మరొకటి రంగు కారేటట్టుందనీ వంకలు పెడుతూనే ఉంది. మా ముందు చీరల గుట్ట పెరుగుతోంది. వదిన రావడం లేదు. మెట్ల వైపు చూడకుండా ఉండడానికి నేను జరీ పువ్వులను చూస్తూ కూర్చున్నాను. రెండు మహానగరాలలో, ఒక గర్భిణి తలుపు వేసుకోవాలంటే ఆమె ఆడపడుచుకు పెళ్ళి కుదరవలసి వచ్చింది. చదివిన చరిత్రంతా నాకు నోట్లో చేదుగా తగిలింది.

చివరికి వదిన మెట్లు దిగి వచ్చింది. ముఖం కడుక్కుని ఉంది. నొప్పి తగ్గిందని నాకు కళ్ళతోనే చెప్పి, అమ్మ పక్కన కూర్చుంది.

“గడియ గూడ పడ్తున్నది అత్తమ్మా. మీరు గూడ పోయిరాండ్రి.”

అమ్మ మోకాళ్ళ మీద చేతులు ఆన్చి లేచి, ఎరుపు రంగులో ఇంకా ఏమున్నాయో చూపిస్తూ ఉండమని సేల్స్‌మన్‌కు చెప్పి, మెట్లెక్కింది. ఆమె దిగి వచ్చాక నేను లేచాను. నా భుజం మీద వేసి చూపడానికి విప్పిన చీరను రెండు చేతులా పట్టుకుని, అతను అట్లాగే నిలబడిపోయాడు.