చందూర్ వైపు గీసిన బాణం

ఇరవై ఏళ్లుగా ఈ మాట గొంతు దాకా వచ్చి ఆగిపోతోంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ఎనభైల చివర్లో నేను నిజామాబాద్‌లో ఉండి భూగోళశాస్త్రంలో పరిశోధన చేసేవాణ్ణి. కొత్త రకం చెరకు ఊరి నుంచి ఊరికి ఎలా పాకింది, దాని వెనకే ఎర్రకుళ్ళు తెగులు ఎలా పాకింది, ఇదీ నా విషయం. బోధన్ చుట్టుపక్కల ప్రతి రైతునూ విత్తనపు గడలు ఎవరిచ్చారని అడిగేవాణ్ణి. వియ్యంకుడు, బామ్మర్ది, మేనమామ. ఎక్కడ చూసినా ఇదే జవాబు. చుట్టరికం ఉన్న చోటల్లా పటం మీద బాణాలు గీసుకుంటూ పోయాను. మురిసిపోయాను కూడా.

చందూర్ వైపు మాత్రం నిజమైన బాణం గీయలేకపోయాను. అక్కడ మొదట కుళ్ళింది మా అక్క వాళ్ల చేను. ఆ గడలు ఇచ్చిన బామ్మర్దిని నేనే. సర్వే చేసిన ఒక చేలోంచి అడిగి తెచ్చాను, అక్క సంతోషిస్తుందని. ఒకటి రెండు గడలు కోసిన చోట ఎర్రగా ఉన్నాయి, పుల్లటి వాసన వేశాయి. ఆ తెగులు మీదే పనిచేస్తున్నవాణ్ణి, గుర్తుపట్టలేదా? పట్టాను. వాటిని పారేసి మిగతావి ఇచ్చాను.

రెండేళ్లలో ఊళ్లో చెరకంతా ఎండింది. ఎక్కడి నుంచి వచ్చిందీ రోగమని ఊరివాళ్లు నన్నే అడిగారు, చదువుకున్నవాణ్ణని. రాష్ట్ర సరిహద్దు అవతలి నుంచి ఎడ్లబండి మీద గడలు తెచ్చి అమ్మే విఠల్ పేరు చెప్పాను. ఎందుకు చెప్పాను? తెగులును వెతుకుతూ తిరిగేవాడే దాన్ని మోసుకొచ్చాడంటే నా పటాన్ని ఎవరు నమ్ముతారు? భయం. అంతకన్నా సిగ్గు.

విఠల్ అక్క ఇంటికి వచ్చాడు. అరవలేదు.

"అక్కా, నా బండి మీ చేన్ల ఎన్నడన్న ఆగిందా?"

అక్క నా వైపు చూసింది. "మా తమ్ముడున్నడు గదా. ఆయన్నే అడుగు."

"ఆగింది" అన్నాను.

అక్క లోపలికి వెళ్లిపోయింది. ఆ తర్వాత విఠల్ బండిని చుట్టుపక్కల ఎవరూ రానివ్వలేదు.

చందూర్‌కు సరిహద్దు అవతలి నుంచి బాణం గీశాను, పటం అచ్చయింది. ఆ బాణాన్ని ఎవరైనా మెచ్చుకుంటే ఒళ్ళు మండుతుంది, నా మీదే. అక్క ఇప్పటికీ ఆ సంగతి ఎత్తదు. ఎత్తి నాలుగు తిట్టినా బాగుండేది. విఠల్‌ను వెతుకుదామని రెండుసార్లు బయల్దేరి, సరిహద్దు దగ్గర చాయ్ తాగి తిరిగొచ్చాను. ఎంత పిరికివాణ్ణో చూడండి.

క్షమించమని మిమ్మల్ని అడగను. ఒక్కసారి ఉన్నది ఉన్నట్టు చెప్పనివ్వండి, చాలు. ఆ గడలు ఎడ్లబండిలో రాలేదు. బోధన్ నుంచి బస్సులో, నా ఒళ్ళో వచ్చాయి.