గుడ్డ చుట్టిన పిడి

మా నాన్నను ఆఫీసులో అందరూ ఏడుపుల గుమాస్తా అనేవారు. గిన్నెలు చేసే కంపెనీ అది. కొన్నవాళ్లు రాసే ఫిర్యాదులన్నీ ఆయన బల్ల మీదికే వచ్చేవి మరి. "నవ్వుకోనీ. ఊళ్లోవాళ్ల ఏడుపు వింటే జీతమిచ్చే కొలువు ఇంకెక్కడుంది?" అనేవాడు. ఆ బల్ల, తుప్పు పట్టిన క్లిప్పులు, వెనక షెడ్డులోంచి వినిపించే రేకుల మోత తలచుకుంటే ఇప్పటికీ నాకు ప్రాణం లేచొస్తుంది.

ఆ కంపెనీకో రూలుండేది. ఒకే లోపం మీద ఐదు ఉత్తరాలొస్తేనే పై అంతస్తులోని ప్రమాదాల విభాగం ఫైలు తెరుస్తుంది. అంతకు తక్కువైతే అది లోపం కాదట, వాడేవాళ్ల చేతగానితనమట! ఆ ఏడాది కొత్త పాలగిన్నెకు పిడి వదులవుతోందని నాలుగొచ్చాయి. నాలుగో ఇంట్లోనైతే, పసివాడు అప్పుడే పాకివెళ్లిన చోట మరిగే పాలు ఒలికాయట. నెల గడిచినా ఐదోది రాలేదు. నాన్నకు ముద్ద దిగలేదు.

"ఐదోది ఏ పిల్లాడి ఒళ్లు కాలాక వస్తుందో," అన్నాడు అమ్మతో.

ఒక పొద్దున కాఫీ కోసం వంటింట్లోకొస్తూ గుమ్మంలోనే ఆగిపోయాడు. అమ్మ అదే రకం గిన్నెను పొయ్యి మీంచి దింపుతోంది, పిడికి గుడ్డ చుట్టి, రెండో చేత్తో పట్టకారు ఆసరా ఇచ్చి.

"అదేంటే, అలా పట్టుకున్నావ్?"

"పిడి ఊగుతోందిగా. మూణ్ణెల్లయింది."

"మూణ్ణెల్లా! నాతో ఒక్క ముక్క చెప్పొద్దూ?"

"చెప్పడానికేముంది? ఊగితే గుడ్డ చుట్టుకోమని మీ అమ్మే నేర్పింది. నేను దీనికి నేర్పాను," అని నన్ను చూపించింది. నిజమే, పదేళ్లకే ఆ విద్య నాకొచ్చేసింది.

నాన్న కాఫీ కూడా తాగకుండా వెళ్లి, తిన్నగా పై అంతస్తు ఎక్కాడు. అక్కడ జరిగింది మాకు వందసార్లు చెప్పుంటాడు.

"ఐదో ఉత్తరం ఏదయ్యా?" అన్నాడట ఆఫీసరు.

"రాదండీ. జనం రాయరు, సర్దుకుంటారు. మీ ఇంట్లో పాలగిన్నె ఎలా దింపుతారండీ?"

"ఎలా ఏంటయ్యా? మా ఆవిడ గుడ్డ చుట్టి..."

అంతే, ఆఫీసరు మాట మధ్యలోనే ఆపి ఫైలు తెరిచాడట. సాయంత్రానికల్లా ఆ గిన్నెల అమ్మకం ఆపేశారు. అమ్మినవి వెనక్కి తెప్పించి కొత్తవిచ్చారు. ఫిర్యాదు కాగితంలో నాన్న పట్టుబట్టి ఒక ప్రశ్న చేర్పించాడు: "ప్రస్తుతం మీరెలా సర్దుకుంటున్నారు?"

నాన్న పోయి ఆరేళ్లు. మొన్న మా అమ్మాయి ఇంటికెళ్తే, అది పొయ్యి మీంచి పాలు దింపుతోంది. పిడికి గుడ్డ. కాళ్ల దగ్గర నా మనవరాలు గరిటెతో ఆడుకుంటోంది.

"ఎన్నాళ్లయిందే?"

"రెణ్ణెల్లు. ఏం కాదులేమ్మా, నువ్వు నేర్పిందేగా!"

ఏడుపుల గుమాస్తా కూతుర్ని, నేనే నేర్పాను! సిగ్గేసింది, నాన్న మీద బెంగతో ఏడుపూ వచ్చింది. ముందు పిల్లను ఎత్తుకుని పక్క గదిలో కూర్చోబెట్టాను.

"కాగితం, కలం పట్రావే," అన్నాను.