అహోబిలం ప్లానులో నాలుగో పేరు

మూడు రోజుల టూరు. కర్నూలు నుంచి నంద్యాల దాకా రైలు, అక్కడి నుంచి అద్దె కారు, అహోబిలం, గండికోట, బేలం గుహలు చూసుకుని ఎర్రగుంట్లలో మళ్లీ రైలు. ప్లాను నాది. ఈ దారిన వెళ్లాలనుకునేవాళ్లకు పనికొస్తుందని టైములతో సహా రాస్తున్నాను. దాంతోపాటు నేను చేసిన సిగ్గుమాలిన పని కూడా రాయాలి. ఆ పని కూడా ఈ ప్లాను వల్లే చేశాను.

నేను లెక్కల మాస్టారుగా రిటైరయ్యాను. మా హైస్కూల్లో ఇరవై రెండేళ్లు టైం టేబుల్ వేసింది నేనే. దానికి గంట కొట్టింది అటెండరు ఓబులేసు. చిన్నప్పుడే పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడింది, చేతికర్ర లేకుండా అడుగు వేయలేడు. రోజూ పొద్దున తన వాచీని నా వాచీతో కలుపుకునేవాడు. గంట ఒక్కరోజు కూడా నిమిషం అటూ ఇటూ కాలేదు. రిటైరయ్యాక కూడా సాయంత్రాలు పార్కులో మాది ఒకటే బెంచీ: నేను, తెలుగు మాస్టారు మద్దిలేటి, డ్రిల్లు మాస్టారు హనుమంతరెడ్డి, ఓబులేసు.

ఓబులేసు అంటే అహోబిలం నరసింహస్వామి పేరే. పుట్టువెంట్రుకలు అక్కడ తీయిస్తామని వాళ్లమ్మ మొక్కుకుందట. ఇంతలో కాలు పడిపోయి, ఆసుపత్రుల చుట్టూ తిరగడంతోనే సరిపోయింది. "పేరు పెట్టుకోని అరవై రెండేండ్లాయ. ఆ స్వామి మొగం ఇంకా సూల్లేదు సార్" అని ఏడాదికోసారైనా అనేవాడు. ఈసారి అన్నప్పుడు నేనే, "పోదాం పా ఓబులేసూ" అన్నాను. ఒక పేజీ ప్లాను రాసి, పైన నలుగురి పేర్లు వరసగా వేసి, జిరాక్సు తీయించి తలా ఒకటి ఇచ్చాను. ఓబులేసు తన కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకున్నాడు.

బయల్దేరడానికి వారం ముందు, ఓబులేసు రాని ఒక సాయంత్రం, హనుమంతరెడ్డి గొంతు సవరించుకున్నాడు. "ఎగువ అహోబిలం నుంచి జ్వాలా నరసింహుని కాడికి కొండదారి. వాగు దాటాల, బండలెక్కాల. ఆయప్పతో ఎట్లయితాది? మనకు నాలుగు గంటలు పట్టేది ఏడు గంటలైతాది."

మద్దిలేటి నేల చూశాడు. నేను ప్లాను చూశాను. ఆ రోజు మూడు గంటలు ఎక్కువ పడితే మర్నాడు బేలం గుహలు ఎగిరిపోతాయి. నిజం చెప్పాలంటే ఆ క్షణాన నాకు గుర్తొచ్చింది ఓబులేసు మొహం కాదు, బేలం గుహలే. అక్కడే కూర్చుని ఓబులేసుకు ఫోన్ చేశాను. "మా ఇంటామెకు ఒంట్లో బాగలేదప్పా. టూరు క్యాన్సిల్."

"టూరుదేముంది సార్, మళ్లా పోవచ్చు. అమ్మకు ఎట్లుండాది? అమ్మది ఏం నక్షత్రం సార్?"

ఎందుకడిగాడో కూడా ఆలోచించలేదు. రోహిణి అని చెప్పి పెట్టేశాను. అతని రైలు టికెట్ రద్దు చేశాను. నా కాగితంలో నాలుగో పేరు మీద స్కేలు పెట్టి గీత గీశాను. కొట్టివేత కూడా నీటుగా ఉండాలి నాకు.

ఇంట్లో మా ఆవిడ గుండ్రాయిలా ఉంది. ఆమెకు ఇదేమీ చెప్పలేదు. బయల్దేరే రోజు తెల్లవారుజామునే లేచి నాలుగు చిత్రాన్నం పొట్లాలు కట్టి, "ఓబులేసుకు కారం తక్కువేసినా, ఆ పొట్లానికి దారం కట్టినా, చూసి ఇయ్యి" అంది. తలూపి సంచీలో పెట్టుకున్నాను.

పొద్దున ఆరూ పదికి కర్నూలులో రైలెక్కాం. డోన్‌లో దిగి నంద్యాల బండి పట్టుకోవాలి. ఎదురు సీట్లో ఉల్లిగడ్డల సంచీ మీద కాళ్లు పెట్టుకుని కూర్చున్న ఒకావిడ నా చేతిలో కాగితాన్ని చదవలేక, ఏమిటని అడిగింది. మద్దిలేటి చదివి వినిపించాడు. "నిమిషాలు గూడా రాసుకున్యారే! ఒంటికి పొయ్యేదానికి గూడా టైం పెట్టినావా సామీ?" అని నవ్వింది. డోన్‌లో పది నిమిషాలు నేను పెట్టింది అందుకే కాబట్టి నవ్వలేకపోయాను. దారం కట్టిన పొట్లం ఆమెకే ఇచ్చాను. "కారం లేదే" అంటూనే తినేసింది.

డోన్‌లో దిగి టీ కోసం నాలుగడుగులు వేశానో లేదో, వెనక పెట్టెలోంచి ముందు ఒక చేతికర్ర ప్లాట్‌ఫారం మీదికి దిగింది. తర్వాత దాని మనిషి దిగాడు. ఇస్త్రీ చొక్కా, భుజాన సంచీ, పై జేబులో ప్లాస్టిక్ కవరు.

ముగ్గురం నీళ్ల ట్యాంకు వెనక్కి పోయాం. ముగ్గురివీ అరవై దాటిన వయసులే. సిగరెట్లు కాలుస్తూ పట్టుబడబోయే పదో తరగతి పిల్లల్లా అక్కడ నిలబడ్డాం. "ఒక్కడే బయల్దేరినాడే!" అన్నాడు హనుమంతరెడ్డి. నాకు వేరే భయం పట్టుకుంది. ఓబులేసు దగ్గర నా ప్లాను ఉంది. ఏ టైముకు ఎక్కడుండాలని రాశానో సరిగ్గా ఆ టైముకు అక్కడుంటాడు. ఇరవై రెండేళ్లుగా ఎరిగిన మనిషి.

పదిన్నరకు నంద్యాల. ఓబులేసు బస్టాండు వైపు కుంటుకుంటూ వెళ్లాక మేం బయటికొచ్చాం. కారు వచ్చి ఉంది. (కిలోమీటర్ల లెక్క, డ్రైవరు బత్తా ముందే మాట్లాడుకోండి. తర్వాత నసగడం ఇద్దరికీ మంచిది కాదు.) డ్రైవరు మస్తాన్ సామాను సర్ది, తలలు లెక్కపెట్టుకున్నాడు. "నలుగురన్నారు కద సార్, ఇంకొకాయప్ప యాడ?"

"రాలేదు" అన్నాను. వెనక సీట్లో ఆ ఖాళీ చోట మా సంచులు పెట్టాం. కారు బస్టాండు ముందునుంచే పోయింది. నేను తల తిప్పలేదు.

ప్లాను ప్రకారం దిగువ అహోబిలంలో దర్శనం నాలుగు గంటలకు. మేం ఐదున్నర దాటాక, దొంగల్లా అటూ ఇటూ చూసుకుంటూ వెళ్లి దండం పెట్టుకుని వచ్చేశాం. రాతి స్తంభాల మండపం చాలా బాగుంటుందని చెబుతారు. మీరు వెళ్తే నిదానంగా చూడండి. ఏడున్నరకు సత్రంలో భోజనం అని రాసుకున్నాను కాబట్టి భోజనానికీ వెళ్లలేదు. గదిలో తలుపు వేసుకుని బ్రెడ్డు, అరటిపళ్లు తిన్నాం. "పులిహోర వాసన వస్తాంది" అని మద్దిలేటి రెండుసార్లు అన్నాడు.

రెండో రోజు ఎగువ అహోబిలం దాకా కారు పోతుంది. అక్కడి నుంచి కొండదారి. ప్లానులో ఆరింటికని ఉంటే మేం ఏడింటికి మొదలుపెట్టాం. ఓబులేసు ఇక్కడికి ఎలాగూ రాలేడని ధైర్యం. గంటన్నర నడిచామో లేదో మద్దిలేటికి పిక్క పట్టేసింది. డ్రిల్లు మాస్టారు ఒక బండ మీద కూర్చుని నోటితో గాలి పీలుస్తున్నాడు. నేను టైము చూసుకుంటున్నాను. ఓబులేసుతో పడుతుందనుకున్న ఆలస్యం ఓబులేసు లేకుండానే అయిపోయింది.

అప్పుడు కింద నుంచి అరుపులు వినబడ్డాయి. "జరగండి సామీ, జరగండి!" నలుగురు మనుషులు భుజాల మీద డోలీ మోసుకుంటూ ఎక్కుతున్నారు. డోలీలో ఓబులేసు. కర్ర ఒడిలో అడ్డంగా పెట్టుకుని, రెండు చేతులా కొయ్య పట్టుకుని, పైకి చూస్తున్నాడు. మొహమంతా వెలిగిపోతోంది.

ఏం చేశామో రాయడానికి చెయ్యి రావడం లేదు. ముగ్గురం తువ్వాళ్లు తలల మీద కప్పుకుని కొండ వైపు మొహాలు తిప్పుకున్నాం. రాయి నా ముక్కుకు బెత్తెడు దూరంలో ఉంది. దాని మీద చీమలు పోతున్నాయి. డోలీ నా వీపు వెనకగా పోయింది. ఓబులేసు దారిన పోయే ఎవరినైనా పలకరించకుండా ఉండడు. మమ్మల్ని పలకరించలేదు.

"సూడలేదులే" అన్నాడు హనుమంతరెడ్డి. మద్దిలేటి పిక్క సాకుతో అక్కడి నుంచే వెనక్కి దిగాం. జ్వాలా నరసింహుణ్ణి మేం చూడలేదు. డోలీలు దొరుకుతాయనీ, మోసేవాళ్లు కుదిరేదాకా ఆగడం వల్లే ఓబులేసు ఆరింటికి బయల్దేరలేకపోయాడనీ అప్పుడే తెలిసింది. ప్లానులో నిమిషాలు వేసిన నేను ఆ ఒక్క మాట ఎవరినీ అడగలేదు.

మధ్యాహ్నం ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా బయల్దేరాం. రాత్రి బస జమ్మలమడుగని రాసుకున్నాను. భయపడి ప్రొద్దుటూరులోనే దిగిపోయాం. లాడ్జి మామూలు. కారం దోసె మాత్రం తినకుండా రాకండి. మర్నాడు పొద్దున తొమ్మిదికి గండికోట, మధ్యాహ్నం బేలం అని ప్లాను. నేను దాన్ని తిరగేశాను. బేలం ముందు, గండికోట తర్వాత. అలాగైతే ఓబులేసు కంట పడే అవకాశమే ఉండదు.

బేలంలో లోపల ఉక్క, చెమట. మంచినీళ్లు, చేతిరుమాలు తీసుకెళ్లండి. నేను మెట్లు లెక్కపెట్టి కాగితం మీద రాసుకున్నాను. గుహలు ఎలా ఉన్నాయంటే సరిగా చెప్పలేను. వీటి కోసం ఆ మనిషిని వదిలేశానా అన్నదొక్కటే తిరుగుతోంది లోపల.

ఒకటిన్నరకు గండికోట. ఎండ మండిపోతోంది. కోట లోపల పాత ధాన్యాగారం నీడలో ఎవరో కూర్చుని పెరుగన్నం తింటున్నారు. దగ్గరికెళ్లేసరికి ఆయన తలెత్తాడు. ఓబులేసు.

మమ్మల్ని చూసి కంగారుగా లేచాడు. అన్నం పొట్లం అక్కడే వదిలేసి, కర్ర అందుకుని, గోడ వెనక్కి పోవాలని గబగబా అడుగులు వేశాడు. ఆ కాలికి గబగబా చేతకాదు. రెండుసార్లు తూలాడు. అయినా పోయి గోడ వెనక నిలబడ్డాడు. కర్ర కొన మాత్రం బయటికి కనబడుతోంది.

నాకప్పుడు అర్థమైంది. నా టైం టేబుల్‌ను జీవితంలో తప్పని మనిషి పొద్దున తొమ్మిదికి రావలసిన చోటికి ఒకటిన్నరకు వచ్చాడంటే, మాకు ఎదురుపడకూడదని. కొండ మీద మమ్మల్ని చూశాడు. మాకు మొహం చెల్లదని తనే పక్కకు తప్పుకుంటున్నాడు. మేం ఆయన్నించి దాక్కోవడానికి ప్లాను మార్చాం. మమ్మల్ని సిగ్గుపడనివ్వకుండా కాపాడడానికి ఆయనా మార్చుకున్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. పిలవాలనుకున్నాను, పిలవలేదు. పెన్నా లోయ వైపు కూడా చూడకుండా కారెక్కాం. "అప్పుడే అయిపోయిందా సార్?" అన్నాడు మస్తాన్.

ఎర్రగుంట్ల స్టేషన్‌లో ప్లాట్‌ఫారం బెంచీల మీద సిమెంటు దుమ్ము. మద్దిలేటి, హనుమంతరెడ్డి రిజర్వేషన్ పెట్టెలో ఎక్కారు. నేను ఎక్కలేదు. జనరల్ పెట్టెలో కిటికీ పక్కన ఓబులేసు కనబడ్డాడు. అందులో ఎక్కాను.

"సార్! మీరు గూడా వచ్చినారా?" అన్నాడు. ఎంత బాగా ఆశ్చర్యపోయాడంటే, నాటకం అని తెలిసినా నమ్మబుద్ధయింది. "అమ్మకు బాగుండాదా సార్?" చొక్కా జేబులోంచి పొట్లం తీశాడు. "రోహిణి నక్షత్రం చెప్పి అమ్మ పేరు మీద అర్చన చేపించినా. కుంకుమ."

"ఓబులేసూ, మా ఇంటామెకు ఏమీ కాలేదప్పా. అబద్ధం చెప్పినా."

"తెలుసులే సార్" అన్నాడు, చాలా మెల్లగా.

"తెలిసి గూడా అర్చన..."

"అర్చన మొదటి రోజే చేపించినా సార్. మిమ్మల్ని సూసింది రెండోనాడు కద. చేపించిన అర్చన వాపసు తీసుకుంటామా?" నవ్వాడు. "ఆమె సల్లగుంటే సాలు."

నేను కుంకుమ తీసుకున్నాను. కాసేపటికి ఆయనే అన్నాడు. "మీ ప్లాను శానా బాగుండాది సార్. డోలీ సంగతొకటి రాసుకోండి, సత్రంలో అడిగితే చెప్పినారు. బేలంలో మెట్లెన్నో మీరు రాసుకొనుంటారు. ఆ కాగితం ఒక తూరి ఇస్తారా? నా దాంట్లో ఎక్కించుకుంటా. నేను దిగగలనో లేదో ఇంటికాడ ఆలోచించుకోవచ్చు."

చెయ్యి జేబు దాకా వెళ్లి ఆగింది. పోయిందని చెప్పొచ్చు. ఇంకొక అబద్ధం చెప్పే శక్తి లేక ఇచ్చేశాను.

అద్దాలు పెట్టుకుని పైనుంచి చదివాడు. నాలుగో పేరు దగ్గర వేలు ఆగింది.

"స్కేలు పెట్టి గీసినారు సార్" అన్నాడు.

"అవునప్పా."

మెట్ల లెక్క తన కాగితంలో రాసుకున్నాడు. నా కాగితాన్ని పాత మడతల మీదే మడిచి తిరిగిచ్చాడు. పక్కవాళ్లతో "రవ్వంత జరగండప్పా, సార్ కూచుంటాడు" అన్నాడు. ఆయన చేసిన ఆ జానెడు చోటులో కర్నూలు దాకా కూర్చున్నాను. డోన్‌లో టీ ఆయనే తాగించాడు. స్టేషన్ బయట ఆటో ఎక్కేదాకా ఆయన పక్కనే నడిచాను. నేను భయపడినంత నెమ్మది కాదు ఆ నడక.

ప్లాను కావాలంటే ఇస్తాను, మంచి ప్లానే. ఇంట్లో తలుపు తీయగానే మా ఆవిడ మమ్మల్ని గురించి అడగలేదు. "ఓబులేసు సూసినాడా స్వామిని?" అంది.

"సూసినాడు" అన్నాను, కుంకుమ పొట్లం ఆమె చేతిలో పెడుతూ. "మేమే సూల్లేదు."