నాలుక ఎత్తండి

విజయవాడలో నా చేత మత్తు ఇంజెక్షన్లు మాన్పించిన సెంటర్లో ఒక సిస్టర్ గారుండేవారు. రోజూ మత్తుమందుకి బదులుగా ఇచ్చే మాత్ర నలిపి మా నాలుక కింద వేసి, కరిగేదాకా బెంచీ మీద కూర్చోబెట్టేవారు. మాట్లాడకూడదు. ఆ తర్వాత, "నోరు తెరవండి. నాలుక ఎత్తండి." దాచుకెళ్లి బయట అమ్ముకుంటామని ఆవిడ అనుమానం. నేనోసారి దాచాను కూడా, కాబట్టి కోప్పడలేను.

ఒకరోజు సెంటర్ సర్టిఫికెట్ రెన్యువల్ కోసం ఇన్‌స్పెక్టర్ గారొచ్చారు. అది రాకపోతే సెంటర్ మూత, మేం మళ్లీ సూదుల దగ్గరికే.

"నోళ్లు నిజంగా చూస్తారా, రిజిస్టర్లో టిక్కులేనా?" అన్నారాయన, నోట్లో ఏదో పెట్టుకుని.

"సార్, నోరు తెరవండి. నాలుక ఎత్తండి."

ఆ గొంతుకి ఆయనా బుద్ధిగా ఎత్తేశారు. కింద వక్కపొడి.

"ఈ గదిలో నోట్లో ఏమీ ఉండకూడదండీ. ఊసి రండి."

పక్కనే ఉన్న మా సెంటర్ డాక్టర్ గారు తల పట్టుకున్నారు. నోట్లో మాత్రలతో మేం ఐదుగురం నవ్వాపుకోలేక చచ్చాం. సర్టిఫికెట్ మాత్రం వచ్చింది.

నాకు ఆ మాత్ర కూడా అక్కర్లేకుండా అయి రెండేళ్లయింది. మొన్న కంకిపాడు చేపల మార్కెట్లో ఆవిడ కనిపించి, "బాగున్నారా అండీ? మళ్లీ ఏం లేదుగా?" అన్నారు.

జవాబుగా నోరు తెరిచి నాలుక ఎత్తాను.

ఆవిడ కళ్లజోడు సర్దుకుని, వంగి మరీ చూశారు.