బోర్లా అంటించిన కందిరీగ

మ్యూజియంలో పురుగుల గది ఆవిడది. కందిరీగల మేడమ్ అంటే చాలు, గేటు దగ్గర కాపలాదారు చెయ్యెత్తి దారి చూపిస్తాడు. ఆ రోజుతో ఉద్యోగం అయిపోతోంది. ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చిన భర్త స్టూలు మీద కూర్చుని ఆవలిస్తున్నాడు.

సొరుగులన్నీ అప్పగించేసింది. ఒక్క కందిరీగ మిగిలింది. నువ్వుగింజంత ఉంటుంది. రోజూ పొద్దున్నే దాన్నొకసారి చూశాకే పని మొదలుపెట్టేది. అరుదైన జాతేమోనని ఆశ. ఆ జాతికి దాయాదులు కోకొల్లలు. రెక్కల ఈనెలు, మీసాలు, సన్నటి నడుము అన్నీ అచ్చుగుద్దినట్టు ఒకటే. తేడా అంతా రొమ్ము కింద, కాళ్ళ మధ్యన. దాయాదులకు అక్కడ చిన్న గాడి ఉంటుంది. అరుదైనదానికి నున్నగా ఉంటుంది. తీరా చూస్తే పడుచుతనపు తొందరలో తనే దాన్ని అట్టముక్క మీద బోర్లా అంటించింది. గోరువెచ్చని నీళ్ళు తగిలితే జిగురు వదులుతుంది. ఆ మాత్రం పనికి ఇన్నేళ్ళూ తీరిక దొరకలేదంటే ఎవరు నమ్ముతారు? భయం, అంతే. ఊడదీయనంతకాలం అది అరుదైనదే కదా.

"నా నడుంనొప్పి సంగతి ఏనాడైనా అడిగావా? దాని నడుం మాత్రం జీవితమంతా చూశావ్," అన్నాడు భర్త.

"మీ నడుం ఎక్కడుందో కనిపిస్తేగా అడగడానికి," అంది, మైక్రోస్కోపు మీంచి తల ఎత్తకుండా.

కుంచెతో జిగురు తడిపింది. కాసేపు ఆగి మళ్ళీ తడిపింది. చివరికి ఊడింది. సూదిమొనతో మెల్లగా వెల్లకిలా తిప్పింది.

గాడి ఉంది.

"మామూలుదేనండీ," అంది. ఏడుపు కూడా రాలేదు, అంత అలసిపోయింది.

ఆయనకు జాలేసింది. "ఎవరు చూడొచ్చారు? మళ్ళీ బోర్లా అంటించెయ్. నీ తర్వాత వచ్చేవాళ్ళయినా ఆశపడతారు."

ఆ బుద్ధి ఆవిడకూ పుట్టకపోలేదు. జిగురు సీసా తీసి చాలాసేపు అలాగే పట్టుకుంది. తర్వాత గాడి అందరికీ కనపడేలా కందిరీగను ఒక పక్కకు ఒత్తిగిల్లినట్టు అంటించి, ఆ అట్టముక్కను దాయాదుల వరసలో గుచ్చి సొరుగు మూసింది.

"రేపట్నుంచి పొద్దున్నే లేచి ఏం చూడాలండీ?" అంది.

ఆయన నడుం పట్టుకుని లేచాడు. ఆవిడ సంచీ అందుకున్నాడు.